చెమటోడ్చే వాళ్లకు గుండెపోటు రాదట!

హైటెక్ సిటీ మీద మన దగ్గర ఒక కథ స్థిరపడిపోయింది. ఏసీ గదిలో పది గంటలు కుర్చీకి అతుక్కుపోయి, అర్ధరాత్రి బిర్యానీ తెప్పించుకుని, అమెరికా కాల్స్ కోసం నిద్ర మానుకునే సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ముప్పై ఐదేళ్లకే గుండె ఆగుతుందట. అదే టవర్ గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డుకు, పక్క సైటులో ఇటుకలు మోసే పాలమూరు కూలీకి ఆ బెడద లేదట. వాళ్లు ఒళ్లు వంచి పనిచేస్తారు, ఇంటి తిండి తింటారు, పక్క మీద వాలగానే నిద్రపోతారు కాబట్టి గుండె గట్టిగా ఉంటుందట. ప్యాకేజీ పెరిగినకొద్దీ రోగాలూ పెరుగుతాయని పెళ్లిళ్లలో పెద్దవాళ్లు అంటారు. టీవీ చర్చల్లో యాంకర్లూ అదే అంటారు. ఐటీ వాళ్లు కూడా, కాస్త గర్వం కలిసిన దిగులుతో, తమ గురించి తాము అలాగే చెప్పుకుంటారు.

ఈ కథలో మూడు మాటలున్నాయి. ఒకటి: గుండెజబ్బు డబ్బున్న వాళ్లది, చదువుకున్న వాళ్లది. రెండు: కాయకష్టం చేసే ఒంటికి అది రాదు. మొదటి రెండూ నిలవనప్పుడు మూడోది బయటికొస్తుంది: పేదవాడు గుండెపోటుతో పోతే అది అవగాహన లేకపోవడం వల్లే. మూడూ తప్పే. ఎవరి బీపీ చూడాలో, ఎవరికి సెలవివ్వాలో, ఎవరి మీద పరిశోధన జరగాలో నిర్ణయించే చోట ఈ మాటలే చెలామణి అవుతున్నాయి కాబట్టి ఇవి ప్రాణాల మీదికి తెచ్చే తప్పులు.

ముందు ఎదుటి పక్షానికి దక్కాల్సింది దక్కనిద్దాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ కనిపించింది. అంటే నడుము చుట్టుకొలత, బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్ అనే ఐదింటిలో కనీసం మూడు గాడి తప్పాయన్నమాట. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను చూసి, 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందని 2025లో తేల్చారు. ఆ అంకె పార్లమెంటు దాకా వెళ్లింది. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ఐటీ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి యాభై ఏళ్లకే హైదరాబాద్‌లో గుండెపోటుతో మరణించారు. విదేశంలో చదువుకున్న, ఒంటి మీద శ్రద్ధ ఉన్న మనిషి అలా పోయేసరికి, ఇక ఈ జబ్బు పైమెట్టు వాళ్లదేనన్న నమ్మకం మరింత గట్టిపడింది. ఈ అంకెల్లో ఒక్కదాన్నీ నేను కాదనడం లేదు. ఐటీ ఉద్యోగికి ముప్పు ఉంది. పొట్ట తగ్గించుకోవాలి, నిద్రపోవాలి, సిగరెట్ మానాలి.

అయితే ఈ అధ్యయనాలు ఏం అడిగాయో చూడండి. ఐటీ ఉద్యోగుల ఒంట్లో ఏముందని అడిగాయి. దానికి జవాబు చెప్పాయి. ఆ ఉద్యోగి కంటే వాష్‌రూమ్ తుడిచే ఆమె గుండె పదిలంగా ఉందా అని అడగలేదు, చెప్పలేదు. ఆ రెండో జవాబును మనమే కల్పించుకుని, అది కూడా పరిశోధనలో తేలిందన్నట్టు మాట్లాడుకుంటున్నాం. ఐటీ ఉద్యోగుల్లోనే వెతికితే ఐటీ ఉద్యోగుల జబ్బే దొరుకుతుంది. ఇంకో గందరగోళం ఉంది. నడుము కొలత, కొలెస్ట్రాల్ అంకె ముప్పు గుర్తులు. గుండెపోటు వేరు. గుండెపోటు వచ్చాక బతకడం, చావడం మరీ వేరు. ఈ మూడూ ఒకే మనిషి దగ్గర పోగవుతాయని అనుకోవడంలోనే అసలు పొరపాటు ఉంది.

అవి ఒకచోట పోగవవని తేల్చింది ప్యూర్ అధ్యయనం. బెంగళూరు సెయింట్ జాన్స్‌లో చదివి కెనడాలో స్థిరపడ్డ కేరళ వైద్యుడు సలీం యూసుఫ్ దాన్ని నడిపించారు. ఇండియాతో కలిపి 17 దేశాల్లో 1,56,424 మందిని సగటున నాలుగేళ్లకు పైగా గమనించి 2014లో ఫలితాలు ప్రకటించారు. ముప్పు గుర్తులు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది సంపన్న దేశాల వాళ్లలో. అన్నిటికన్నా తక్కువగా ఉన్నది పేద దేశాల వాళ్లలో. ఇక్కడిదాకా మన పెళ్లి పెద్దలు చెప్పిందే నిజం. ఆ తర్వాత లెక్క తిరగబడింది. గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ఘటనలు సంపన్న దేశాల్లో ఏడాదికి వెయ్యి మందిలో నలుగురికి వస్తే, పేద దేశాల్లో ఆరుగురికి పైగా వచ్చాయి. అలా వచ్చిన వాళ్లలో సంపన్న దేశాల్లో చనిపోయింది 6.5 శాతం. పేద దేశాల్లో 17.3 శాతం. ముప్పు తక్కువ ఉన్నవాడికి జబ్బు ఎక్కువ వచ్చింది, చావు ఇంకా ఎక్కువ వచ్చింది. కొలెస్ట్రాల్ రిపోర్టు చూసి ఎవరు పోతారో చెప్పగలమనుకునే వాళ్లు ఈ మూడు వాక్యాల దగ్గర కాసేపు ఆగాలి.

అది దేశాల మధ్య తేడా, ఒకే ఊళ్లో డబ్బున్నవాడికీ లేనివాడికీ మధ్య అలా ఉండదు అనొచ్చు. దానికీ జవాబుంది, అదీ మన దేశపు ఆసుపత్రుల నుంచే. 2001 నుంచి 2005 దాకా 50 నగరాల్లో 89 ఆసుపత్రులు గుండెపోటు రోగులను వరసగా నమోదు చేశాయి. ఇరవై వేల మందికి పైగా తేలారు. క్రియేట్ రిజిస్ట్రీ పేరుతో 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆ లెక్కలో సగానికి పైగా రోగులు దిగువ మధ్యతరగతి వాళ్లు. మరో ఐదో వంతు పేదలు. అంటే ప్రతి పది మందిలో ఏడుగురు ‘డబ్బున్నోళ్ల జబ్బు’ వచ్చిన డబ్బులేని వాళ్లే. ముప్పై రోజుల్లో చనిపోయింది ధనికుల్లో 5.5 శాతమైతే పేదల్లో 8.2 శాతం. యాంజియోప్లాస్టీ ధనికుల్లో 15.3 శాతం మందికి జరిగింది, పేదల్లో 2 శాతం మందికి.

ఆ వ్యాసంలో అందరూ దాటేసే ఒక వాక్యమే నాకు అన్నిటికన్నా ముఖ్యం. రోగుల వయసు, బీపీ, షుగర్, పొగ అలవాటు లాంటివన్నీ సరిచేసి చూసినా పేదల మరణాల్లో తేడా పోలేదు. అందిన వైద్యాన్ని సరిచేసి చూడగానే ఆ తేడా మాయమైంది. అంటే పేదవాడి గుండె బలహీనమైంది కాదు, ధనికుడి గుండె గట్టిదీ కాదు. ఒకే మందులు, ఒకే సమయానికి పడి ఉంటే ఇద్దరి భవిష్యత్తూ దాదాపు ఒకటే.

చదువు సంగతికొస్తే లెక్క ఇంకా కటువుగా ఉంది. ప్యూర్ బృందమే 20 దేశాల సమాచారంతో 2019లో ఇంకో వ్యాసం వేసింది. సంపన్న దేశాల్లో తక్కువ చదివిన వాళ్లకు ఎక్కువ చదివిన వాళ్ల కంటే గుండె, రక్తనాళాల ఘటనలు 1.23 రెట్లు వస్తే, మన లాంటి దేశాల్లో 2.23 రెట్లు వచ్చాయి. ఇంట్లో ఉన్న ఆస్తి కంటే చదువే ముప్పును గట్టిగా సూచించింది. రాజస్థాన్ పల్లెల్లో చేసిన ఒక సర్వే 1994లోనే ఇదే చెప్పింది: చదువు తగ్గినకొద్దీ గుండెజబ్బు ఎక్కువ. ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివి ఎయిమ్స్‌లో హృద్రోగ నిపుణుడైన కె. శ్రీనాథరెడ్డి బృందం పది పరిశ్రమల్లోని ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలను, సుమారు ఇరవై వేల మందిని, పరిశీలించి 2007లో రాసింది. తక్కువ చదివిన వాళ్లలో పొగాకు, రక్తపోటు రెండూ ఎక్కువ. ముప్పై ఏళ్లుగా మన దేశం నుంచే వస్తున్న సాక్ష్యం ఇది. మన నమ్మకం మాత్రం దాని పక్కనుంచి చల్లగా నడిచి వెళ్లిపోయింది.

రెండో మాట, చెమట. దీనికి ఒక పెద్ద వంశవృక్షమే ఉంది. 1953లో జెర్రీ మోరిస్ లండన్ బస్సుల మీద చేసిన అధ్యయనం ప్రపంచ ప్రసిద్ధం. మన సికింద్రాబాద్‌లో ఒకప్పుడు తిరిగిన వాటిలాంటి డబుల్ డెక్కర్లలో కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని అది చూపింది. కదిలే ఒంటికి మేలు అన్న మాట అక్కడే స్థిరపడింది. అది నిజం కూడా. అయితే ఏ కదలిక? కోపెన్‌హాగెన్‌లో లక్షకు పైగా మందిని గమనించిన అధ్యయనం 2021లో తేల్చింది: తీరిక వేళ చేసే వ్యాయామం గుండెపోటును తగ్గిస్తుంది, ఉద్యోగంలో చేసే బరువు పని దాన్ని పెంచుతుంది. కారణం ఊహకందనిదేమీ కాదు. కేబీఆర్ పార్కులో గంట పరుగెత్తినవాడు ఆపి, నీళ్లు తాగి, కూర్చుంటాడు. గుండె వేగం దిగుతుంది, రాత్రికి బీపీ తగ్గుతుంది. పన్నెండో అంతస్తుకు సిమెంటు మోసేవాడికి ఆపే వీలు లేదు. ఏప్రిల్ ఎండలో, నీళ్లు అందని చోట, రోజంతా ఎక్కిన నాడి ఎక్కినట్టే ఉంటుంది. రాత్రి రేకుల షెడ్డులో నిద్ర సరిగా పట్టక అది పూర్తిగా దిగదు.

గార్డు పనిలోనైతే కదలిక కూడా లేదు. బూమ్ బ్యారియర్ పక్కన పన్నెండు గంటలు నిలబడటమే ఆ ఉద్యోగం. కుర్చీలో కూర్చుంటే సూపర్‌వైజర్ ఫోటో తీసి గ్రూపులో పెడతాడు. వారం పగలు, వారం రాత్రి డ్యూటీ. నిద్ర ఆపుకోవడానికి టీ, ఖైనీ. క్యాబ్ డ్రైవర్‌దీ ఇదే వరస, ఆయన మాత్రం కూర్చుని చేస్తాడు. అమెరికా షిఫ్టు నిద్రను పాడుచేస్తుందని టెకీ గురించి జాలిపడతాం. ఆ టెకీని తెల్లవారుజామున మూడింటికి ఇంటి దగ్గర దింపి, మళ్లీ ఉదయం పికప్‌కు లాగిన్ అయ్యేవాడి నిద్ర ఎవరి లెక్కలోకీ రాదు.

సన్నగా ఉన్నాడు కాబట్టి షుగర్ రాదు అనే మాట కూడా చెమట సిద్ధాంతానికి తమ్ముడే. మన హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జరిగిన పరిశీలన దీనికి సమాధానం. 1987, 1990 మధ్య వాటిలో కొన్ని ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు రోజూ అదనపు ఆహారం అందింది, మిగతా ఊళ్లలో అందలేదు. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య వయసుకు వచ్చాక పోషకాహార సంస్థ, లండన్ పరిశోధకులు కలిసి పరీక్షించారు. కడుపులో ఉన్నప్పటి నుంచి తిండి అందిన పిల్లల రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. అందని పిల్లల నాళాలు అప్పటికే కాస్త బిగుసుకున్నాయి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది ఇది. పేదరికం నలభై ఏళ్లకు గుండెను పట్టుకోదు. తల్లి కడుపులోనే రక్తనాళం గోడ మీద చెయ్యి వేస్తుంది. ఆ ఊళ్లలాంటి ఊళ్ల నుంచే కదా మాదాపూర్ అడ్డా మీదికి మేస్త్రీలు, కూలీలు వచ్చేది? వాళ్ల సన్నని ఒంటిని చూసి ఆరోగ్యం అనుకుంటున్నాం.

ఇక టెన్షన్. డెడ్‌లైన్లు, అప్రైజళ్లు, లేఆఫ్‌లు, ఈఎంఐలు: చదువుకున్న వాడిదే ఒత్తిడంతా అంటారు. అరవైల దాకా పాశ్చాత్య దేశాల్లోనూ ఇలాగే అనుకునేవారు. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు ఇది పెద్ద పదవుల జబ్బన్న భావం ఇంకా బలపడింది. ఆ మాటను పరీక్షకు నిలబెట్టింది లండన్‌లోని ప్రభుత్వ కార్యాలయాల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం. అందరూ ఒకే ప్రభుత్వ ఉద్యోగులు, ఎవరూ పస్తులున్నవాళ్లు కారు. మైకేల్ మార్మట్, ఆయన సహచరులు 1978లో చెప్పిన లెక్క: పై అధికారుల కంటే అట్టడుగున ఉన్న బంట్రోతులు గుండెజబ్బుతో చనిపోవడం 3.6 రెట్లు ఎక్కువ. పొగ, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోంచి తీసేసినా తేడాలో ఎక్కువ భాగం మిగిలే ఉంది. తర్వాతి వైట్‌హాల్ పరిశోధనలు దాని వెనకున్న సంగతిని వెతికాయి. తన పని మీద తనకు పట్టు లేని మనిషి గుండె ఎక్కువ దెబ్బతింటుంది. మేనేజర్ మీద కోపమొస్తే పేపర్ పెట్టేసి ఎదురు టవర్‌లో చేరేవాడికి ఒత్తిడి ఉంటుంది, దాని నుంచి తప్పుకునే దారీ ఉంటుంది. హౌస్‌కీపింగ్‌లో ఏ అంతస్తు తుడవాలో, ఎప్పుడు తినాలో, రేపు ఏ సైటుకు వెళ్లాలో కూడా ఇంకొకరు చెప్పే ఆమెకు ఆ దారి లేదు. పైగా ఆడవాళ్లలో గుండెపోటు చాలాసార్లు ఆయాసంగా, దవడ నొప్పిగా, చెప్పలేని నీరసంగా వస్తుంది. ఆ నీరసం పని వల్లా, గుండె వల్లా అని ఆమెను అడిగే వాళ్లెవరు?

పల్లెకు వెళ్తే ఈ జబ్బు ఉండదన్న భ్రమ కూడా సైబరాబాద్ కథకు దగ్గరి చుట్టమే. దాన్ని చెదరగొట్టిన లెక్కకు సాయం చేసింది మాత్రం ఐటీ డబ్బే. ఈ ఐటీకి ఒకప్పుడు పెద్ద దిక్కైన సత్యం కంపెనీ వ్యవస్థాపకుల కుటుంబం బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది. అది పనిచేసిన ఉభయ గోదావరి జిల్లాల పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2003, 2004లలో మరణాలను లెక్కపెట్టారు. 45 ఊళ్లు, లక్షా ఎనభై వేల జనం, ఏడాదిలో 1,354 చావులు. ఒక్కొక్క ఇంటికీ వెళ్లి చావుకు ముందు ఏం జరిగిందో అడిగి కారణం తేల్చారు. 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటురోగాలన్నీ కలిపినా దాని సగానికి కూడా రాలేదు. వరి చేలల్లో చెమటోడ్చిన జనం వాళ్లు. పల్లెను టవర్ చెడగొట్టిందని చెప్పడానికి అప్పటికి హైటెక్ సిటీ పుట్టి ఐదారేళ్లే. సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబర్‌లో.

మూడో మాట దగ్గరికొద్దాం. ‘వాళ్లకు తెలియదండీ, నొప్పొస్తే గ్యాస్ అనుకుంటారు’. గ్యాస్ అనుకోనిదెవరు? ఇంజనీరూ అనుకుంటాడు, డాక్టర్లు కూడా తమ విషయంలో అలాగే అనుకుంటారు. తేడా అనుకోవడంలో లేదు. ఆ తర్వాత జరిగేదాంట్లో ఉంది. రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కిన గార్డుకు తెల్లవారుజామున నాలుగింటికి రొమ్ము మధ్య బరువు, ఎడమ చెయ్యి లాగడం మొదలైందనుకోండి. అది గుండె కావచ్చని అతనికీ అనుమానం వస్తుంది. ఊళ్లో అలా పోయిన వాళ్లను చూశాడు. కానీ రిలీవర్ రాకుండా పోస్టు వదలకూడదు. ఈ పనిలో మొదటిరోజు నేర్పే నియమం అదే. వదిలితే ఆ రాత్రి డ్యూటీ కోత, ఆపైన సైటు మార్పు. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే ‘ఓ సోడా తాగు, ఎనిమిదింటికి మనిషొస్తాడు’ అంటాడు. మనిషి ఎనిమిదిన్నరకు వస్తాడు. రిజిస్టర్‌లో సంతకం, యూనిఫాం మార్చుకోవడం, షేర్ ఆటో, గది. వీధి చివర ఆర్‌ఎంపీ ఒక సూది వేసి పంపిస్తాడు. తగ్గకపోతే అప్పుడు పెద్దాసుపత్రి. అప్పటికి ఆరు గంటలు. క్రియేట్ లెక్కలో గుండెపోటు వచ్చిన వాళ్లలో సగం మంది ఆసుపత్రి చేరింది 360 నిమిషాలు దాటాకే. రక్తపు గడ్డను కరిగించే మందు మొదటి రెండు మూడు గంటల్లో ప్రాణం పోస్తుంది. పన్నెండు గంటలు దాటితే దాదాపు ఏమీ చేయదు.

అదే టవర్ తొమ్మిదో అంతస్తులో నైట్ షిఫ్టు చేస్తున్న టీమ్ లీడ్‌కు నొప్పొస్తే లేచి కిందికొస్తాడు. బీమా కార్డు ఫోన్‌లోనే ఉంటుంది. గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్‌లలో ఏ దిక్కుకు తిరిగినా అర్ధరాత్రి స్టెంటు వేసే కార్పొరేట్ ఆసుపత్రి ఉంది. నిలబడ్డది ఇద్దరూ ఒకే గేటు దగ్గర. ఆసుపత్రి ఇద్దరికీ ఒకే దూరం. ఒకరికి పది నిమిషాలు, ఇంకొకరికి ఆరు గంటలు. దీన్ని అవగాహన లోపం అనడం అన్యాయం. గుండెపోటు విషయంలో చదువు ఇచ్చేది సమాచారం కంటే ఎక్కువ. పని ఆపి వెళ్లే హక్కు ఇస్తుంది. క్యాజువాలిటీలో నిలబడి ఈసీజీ తీశారా అని గట్టిగా అడిగే గొంతు ఇస్తుంది. ఫారం మీద ఏముందో చదివి సంతకం పెట్టే ధైర్యం ఇస్తుంది. ఆసుపత్రిలో తెలిసినవాళ్లు ఒకరుండేలా చేస్తుంది. పాంప్లెట్లు పంచితే ఇవేవీ రావు.

డబ్బు ఒక్కటే వీటిని తేలేదనడానికి ఈ ఐటీ కారిడార్ పాత పల్లెలనే చూడండి. కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అంతకు చాలా ముందే, అందులో వందో వంతుకు భూములమ్ముకుని మేడలు కట్టిన కుటుంబాలు ఈ ఊళ్లలో ఉన్నాయి. డబ్బు ఒక్కసారిగా వచ్చింది, బడి అలా రాలేదు. కారు, మటన్, మందు, రెండెకరాల మీద దావా అన్నీ వచ్చాయి. రోజూ బీపీ గోలీ వేసుకోవాలన్న క్రమం రాలేదు. ఆస్తి కంటే చదువు గట్టి సూచిక అని ప్యూర్ చెప్పిన మాట అర్థం కావాలంటే వీళ్ల వైపు చూస్తే చాలు. జీతం, ఆస్తి, చదువు మూడూ ఒకటి కావు. మూడింటినీ కలిపి ‘ఉన్నోళ్లు’ అని ఒక గంపలో వేయడం వల్లే మన మాటలు ఇంత మొద్దుగా తయారయ్యాయి.

ఇన్ని సాక్ష్యాలున్నా ఈ నమ్మకం ఎందుకు చావదు? అది చాలామందికి పనికొస్తుంది కాబట్టి. మాస్టర్ హెల్త్ చెకప్ కొనగలిగేది ఐటీ ఉద్యోగి, కాబట్టి భయపెట్టాల్సింది అతన్నే. స్టెప్స్ లెక్కపెట్టే వాచీ, జిమ్ సభ్యత్వం, మిల్లెట్ బిస్కెట్లు, టర్మ్ పాలసీ అన్నీ ఆ భయం మీదే అమ్ముడవుతాయి. గార్డును భయపెడితే అమ్మడానికేముంది? ఇంకో ఉపయోగం అంతకంటే లోతైనది. కష్టం చేసే ఒంటికి రోగం రాదన్న మాట నమ్మితే పన్నెండు గంటల నిలుచుడు డ్యూటీ దోపిడీ కాకుండా పోతుంది, ఆరోగ్య పథకం అయిపోతుంది. ఇటుకలు మోసేవాడిని చూసి ‘వీడికేం, రాయిలా ఉన్నాడు’ అని మనం హాయిగా లిఫ్టెక్కొచ్చు.

ఆ హాయికి ఖరీదు ఉంది. టవర్లలో జరిగే వైద్య శిబిరాలు ‘ఉద్యోగుల’ కోసం. గార్డు ఏజెన్సీ మనిషి, హౌస్‌కీపింగ్ ఆమె ఇంకో ఏజెన్సీ మనిషి, క్యాంటీన్ కుర్రాడు కాంట్రాక్టర్ మనిషి. ఏ కంపెనీ జాబితాలోనూ ఎవరూ ఉండరు. 2023 డిసెంబర్‌లో గిగ్ కార్మికులకు రాష్ట్ర ప్రభుత్వం ఐదు లక్షల బీమా ప్రకటిస్తే సంతోషించాం. అది ప్రమాద బీమా. బైకు జారిపడితే వస్తుంది, బైకు మీద గుండె ఆగితే రాదు. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఎన్నో గుండెలను నిలబెట్టింది, 2023 చివరలో పరిమితి పది లక్షలైంది. అయితే ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చి ఈ టవర్లు కట్టినవాడి దగ్గర తెలంగాణ రేషన్ కార్డు ఉండదు. స్టెంట్ల ధరకు కేంద్రం 2017లో కళ్లెం వేసింది. స్టెంటు వేసే బల్ల మీదికి ఆరు గంటలు ఆలస్యంగా వచ్చినవాడికి ఆ తగ్గింపు చేసేది తక్కువ.

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. బిల్డింగ్‌లోకి అడుగుపెట్టే ప్రతి బ్యాడ్జికీ, అది ఏ రంగుదైనా, ఏటా బీపీ, షుగర్ పరీక్ష జరగాలని సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులోనే ఐటీ కంపెనీలు రాయాలి. ఏసీ, లిఫ్టు నిర్వహణకు అన్ని షరతులు రాసే చేతులకు ఇది కష్టం కాదు. ఛాతీ నొప్పి అన్న గార్డు రిలీవర్ కోసం ఆగనక్కర్లేదని, ఆ డ్యూటీ డబ్బు కోయరాదని ఒక్క వాక్యం చేర్చాలి. దాని ఖర్చు సున్నా. 21 వేల లోపు జీతం ఉన్న ప్రతి కాంట్రాక్టు ఉద్యోగికీ ఈఎస్‌ఐ హక్కు. జీతంలో 0.75 శాతం కోత పడుతున్నా కార్డు చేతికి రాని వాళ్లు ఎంతమందో కార్మిక శాఖ గేటు గేటుకూ వెళ్లి అడగాలి. రక్తపోటును గ్రామస్థాయిలోనే గుర్తించి, ఒక క్రమం ప్రకారం చవక గోలీలతో అదుపులో పెట్టే జాతీయ కార్యక్రమాన్ని మొదట చేపట్టిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ గోలీలు బస్తీ దవాఖానాలో దొరుకుతాయి. కానీ దవాఖానా తెరిచేది పగటి వేళ. ఎనిమిది నుంచి ఎనిమిది దాకా డ్యూటీ చేసేవాడు ఎప్పుడు వెళ్లాలి? అంజయ్యనగర్, సిద్దిఖ్‌నగర్ లాంటి బస్తీల్లోనైనా రాత్రి తొమ్మిది దాకా తెరవాలి. కొండాపూర్ ఏరియా ఆసుపత్రిలో ఏ వేళలో వెళ్లినా ఈసీజీ తీసి, గడ్డ కరిగించే మందు ఇచ్చి, నిమ్స్‌కో ఉస్మానియాకో పంపే ఏర్పాటు గట్టిగా ఉండాలి.

ఇక పరిశోధకులకు ఒక మాట. ఐటీ ఉద్యోగుల మీద ఇంకో అధ్యయనం వద్దనను. కానీ ఈసారి నమూనాను జీతాల జాబితా నుంచి తీయకండి, గేటు దగ్గరి ఎంట్రీ రిజిస్టర్ నుంచి తీయండి. కోడ్ రాసేవాళ్లూ, క్యాబ్ నడిపేవాళ్లూ, తుడిచేవాళ్లూ, కాపలా కాసేవాళ్లూ అందరూ ఉండాలి. బీపీ ఎంతుందని అడగడంతో ఆగకండి. ఆ బీపీ ఎవరికి ముందే తెలుసు, ఎవరు గోలీ వేసుకుంటున్నారు, నొప్పొచ్చిన ఎన్ని నిమిషాలకు ఎవరు ఆసుపత్రి చేరారు అని కూడా అడగండి.

గుండెజబ్బు టెకీల జబ్బని ఇకమీదట ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న చాలు: టవర్‌లోకి వచ్చే అందరినీ చూసి అంటున్నారా, జీతాల జాబితాలో పేరున్న వాళ్లను మాత్రమే చూసి అంటున్నారా? పైవాణ్నీ కిందివాణ్నీ పక్కపక్కన పెట్టి లెక్కించిన లండన్ కార్యాలయాల్లో, యాభై భారతీయ నగరాల ఆసుపత్రుల్లో, ప్యూర్ తిరిగిన ఇరవై దేశాల్లో జవాబు ఒకవైపే వచ్చింది. సైబరాబాద్ ఒక్కటే దానికి మినహాయింపని నమ్మేవాళ్లు ఉంటే, రుజువు చూపాల్సిన బాధ్యత వాళ్లది. అది చూపేదాకా గార్డు డ్యూటీ పన్నెండు గంటల నుంచి ఎనిమిదికి దించమని, అతని బీపీ కూడా చూడమని అడగడం జాలి కాదు. లెక్కలు చదివినవాళ్లు చేయాల్సిన కనీస పని.